గడ్డకట్టిన తేనీరు: ఇంటనే చేసికొను విధము

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో వేసవి యెట్టిదో మన చదువరులకు వేఱుగా వర్ణింప నక్కఱలేదు. రోహిణికార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు ఊరక చెప్పలేదు. రామగుండము, మంచిర్యాల, జగిత్యాల, నిర్మలు మొదలగు చోట్ల మే నెలలో ఉష్ణమానము 45 డిగ్రీల సెంటీగ్రేడు దాటుట అరుదు కాదు. అట్టి దినములలో సైతము మనవారు ఉదయ మొకసారి, సాయంకాల మొకసారి పొగలు గ్రక్కు చాయ త్రాగుట మానరు. చెమట తుడుచుకొనుచు త్రాగుదురు, త్రాగి మఱల చెమట తుడుచుకొందురు. చాయ మానలేనివారికిని, వేడి నోర్వలేనివారికిని, అనగా ఇంచుమించు మన యందఱకును, పనికివచ్చు నొక పానీయమును గూర్చి ఈ వ్యాసమున వివరింపదలచితిమి. అది గడ్డకట్టిన తేనీరు.

గడ్డకట్టిన తేనీ రనగా ఇటుకవలె బిగిసిన మంచుగడ్డ యని తలపరాదు. అందు సగము మంచు, సగము పానకము. మంచు రేణువులు ఇసుక రవ్వలంత చిన్నవిగా నుండి, చెంచాతో తీసి నాలుకపై నుంచగానే కరగి జాఱవలెను. రాయివలె బిగిసిన తేనీటిని పండ్లతో కొఱుకవలసి వచ్చును. పైగా దానిని చప్పరించిన తీపి యంతయు మొదటనే దిగిపోయి కడకు వట్టి మంచు మిగులును. కావున గట్టిపడకుండ గడ్డకట్టించుటయే ఇందలి విద్య. ఆ విద్య కష్టమైనది కాదు గాని దానికి వెనుక నున్న కారణముల నెఱిగి చేసినవారికి తప్పక కుదురును.

మొదట మంచుగడ్డ సంగతి. నేడు ఇంటింట రిఫ్రిజిరేటరు నుండుటచే మంచు మనకు తేలిక వస్తువైపోయినది. పూర్వ మిది చక్రవర్తులకే చెల్లిన భోగము. అక్బరు కాలమున సురేకారము నీటిలో కలిపి, ఆ నీటిలో త్రాగునీటి కూజాను త్రిప్పి చల్లబఱచెడివారని అబుల్ ఫజలు తన ఐనీ అక్బరీ గ్రంథమున వ్రాసియున్నాడు. ఆస్థానము పంజాబునకు తరలిన పిదప ఉత్తరపు కొండల నుండి మంచు తెప్పింపసాగిరి. అలహాబాదు ప్రాంతమున శీతకాలపు రాత్రులలో నేలలో గుంటలు త్రవ్వి, అందు గడ్డి పఱచి, దానిపై మట్టి మూకుళ్లలో నీరు పోసి యుంచగా తెల్లవాఱునప్పటికి ఆ నీరు పేరుకొనెడిదని రాబర్టు బార్కరు అను నాంగ్లేయుడు 1775లో లండనులోని విద్వత్సభకు తెలిపెను. మన ఆదిలాబాదు చలి ప్రసిద్ధమైనదే యైనను ఇట్టి పని మనవారు చేసినట్లు మేము వినలేదు.

తరువాత ఓడలలో మంచు వచ్చెను. అమెరికా దేశమున బోస్టను నగరమునకు చెందిన ఫ్రెడరిక్ ట్యూడరు అను వర్తకుడు అచ్చటి చెఱువులలో పేరుకొనిన మంచును కోయించి, 1833లో 180 టన్నులు ఓడ కెక్కించి కలకత్తాకు పంపెను. నాలుగు నెలలు సముద్రముపై నడిచి వచ్చిన ఆ యోడలో సుమారు 100 టన్నులు కరగక మిగిలియుండెను! మంచు చుట్టును రంపపుపొట్టు మొదలగునవి దట్టించుటయే ఆ వర్తకపు రహస్యము. మద్రాసు సముద్రతీరమున ఆ మంచును నిలువచేయుటకు కట్టిన గుండ్రని భవనము నేటికిని ఉన్నది. వివేకానందస్వామి 1897లో అందు బసచేయుటచే నేడది ఆయన పేర వెలయుచున్నది. పిమ్మట యంత్రముతో మంచు చేయుట వచ్చి ఓడల మంచు మూలబడెను. మన బజారులలో 'బరఫు' అనియు 'ఐసుగడ్డ' అనియు గోనెపట్టాలో చుట్టి, రంపపుపొట్టు చల్లి అమ్మునది యంత్రపు మంచే. 1983 మొదలు రామగుండపు తాపవిద్యుత్ కేంద్రమున గోదావరి యొడ్డు బొగ్గును కాల్చి విద్యుత్తు తీయుచున్నారు. ఆ నల్లని బొగ్గు మన యిండ్లలో తెల్లని మంచుగా మాఱుట ఆలోచించిన కొలది వింతగా నుండును.

తేయాకు కథ అందఱెఱిగినదే గనుక పొడిగింపము. అస్సాము అడవులలో తేయాకు చెట్టు స్వయముగా పెరుగుచున్న సంగతి 1823లో రాబర్టు బ్రూసు అను నతనికి తెలిసెను. ఆ యాకు 1839లో లండనులో వేలమున అమ్ముడుపోయెను. చల్లని తేనీటి విషయమున మన దేశమునకు సంబంధించిన కథ యొకటి కలదు. 1904లో అమెరికాలోని సెయింటు లూయీ నగరమున జరిగిన మహాప్రదర్శనములో రిచర్డు బ్లెచిండెను అను నతడు హిందూదేశపు తేయాకును ప్రచారము చేయుచుండెను. ఎండ మిక్కుటమై వేడి తేనీటిని ఎవరును ముట్టకపోగా దానిని మంచుమీదుగా పాఱించి చల్లబఱచి యిచ్చెననియు, జనులు గుమిగూడి త్రాగిరనియు చెప్పుదురు. అంతకు ముందే, 1879 నాటి అమెరికా వంట పుస్తకమున చల్లని తేనీరు చేయు విధ మున్నది గనుక అతడే దానిని కనిపెట్టెననుట సరికాదు. ఆ ప్రదర్శనముతో దానికి ప్రచారము హెచ్చెననిన చాలును.

ఇక ముఖ్యమైన సంగతి. తల్లిదండ్రులు దీనిని శ్రద్ధగా చదువవలెనని మా మనవి. నీరు గడ్డకట్టినంత మాత్రమున అందలి క్రిములు చావవు. మరగించుటచే చచ్చునవి మంచులో నిద్రించును. మంచు కరగగానే మేల్కొనును. టైఫాయిడు, పచ్చకామెర్లు, అతిసారము ఈ మూడును వేసవిలో పాడునీటి వలన వ్యాపించును. ఆ పాడునీరు మంచురూపమున వచ్చిన వ్యాధి తగ్గునా? బజారులో దొరకు పెద్ద గడ్డలలో కొన్ని చేపలను, ఇతర సరకులను చల్లగా నుంచుటకు మాత్రమే చేయబడినవి. వానిని చేయు నీరు త్రాగుటకు తగినది కానక్కఱలేదు. అందుచేతనే ఆహారమున వాడరాని మంచుకు నీలిరంగు కలుపవలెనని భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 2018లో ఆజ్ఞాపించినది. నీలిరంగు లేదు గనుక మంచిదే యని నమ్మవచ్చునా యనిన, అట్లు నమ్మరాదని మా యభిప్రాయము. బడి గేటు చెంత గోనెపట్టాపై దొర్లించి, సుత్తితో పగులగొట్టి, గ్లాసులో వేసి యిచ్చు మంచును పిల్లలు కొనకుండుట మేలు. కావున ఈ వ్యాసమున చెప్పు పద్ధతులలో బజారుమంచు పాత్రకు వెలుపల నుండునే కాని లోపలి తేనీటిని తాకదు.

తేనీరు దించుట యెట్లనిన: ఒక లీటరు పానీయమునకు 15 గ్రాముల తేయాకు, అనగా చిన్న చెంచాతో ఏడు చెంచాలు కావలెను. మన కిరాణా దుకాణములలో సాధారణముగా దొరకునది పొడి చాయపత్తి. అస్సాములో 1930 ప్రాంతమున వచ్చిన యంత్రములతో ఆకును నలిపి, చించి, ఉండలుగా చుట్టి చేసిన రకమిది. పాలు పోసి మరగించు చాయకు ఇదియే సరి. చల్లని తేనీటికి మాత్రము పొడవాటి ఆకు రకము మేలు. అది దొరకనిచో పొడిని 10 గ్రాములు మాత్రమే వాడవలెను. అరలీటరు నీటిని తెర్లు వచ్చువఱకు కాచి, పొయ్యి మీద నుండి దించి, ఆకు వేసి మూతపెట్టి నాలుగు నిమిషములుంచి వడగట్టవలెను. ఆకును పొయ్యిమీద మరగించుటయు, వడగట్టునప్పుడు గుడ్డలో పిండుటయు మన యిండ్లలో అలవాటు. ఈ పానీయమునకు ఆ రెండును కూడవు. వగరు హెచ్చి పాడగును. పాలు లేని తేనీటిలో వగరును కప్పిపుచ్చునది ఏదియు లేదు గదా.

వేడిగా నున్నప్పుడే 150 గ్రాముల పంచదార కలిపి కరగింపవలెను. పంచదార హెచ్చుగా తోచవచ్చును. చలువ నాలుకను మొద్దుబార్చుటచే వేడిలో మిక్కిలి తీయగా నుండునది గడ్డకట్టిన పిదప సరిపోవును. పంచదారకు మఱియొక పని కూడ నున్నది; దానిని ముందు చెప్పెదము. తరువాత కాచి చల్లార్చిన నీరు అరలీటరు పోసి, మూత వదులుగా నుంచి తనంతట చల్లాఱనీయవలెను.

ఇచట కొందఱు తొందరపడి వేడి తేనీటిని తటాలున ఫ్రిజిలో పెట్టుదురు. పెట్టి చూడగా అప్పటివఱకు మాణిక్యమువలె మెఱయుచున్న తేనీరు బురదనీటివలె మసకబాఱును. తేనీటిలోని వగరు పదార్థములును, కెఫీనును వేడిలో విడివిడిగా కరగియుండును. చల్లబడునప్పుడు ఒకదానితో నొకటి జతకూడి సన్నని రేణువులై తేలును. చిక్కని తేనీటిలో ఇది హెచ్చు, పలుచని దానిలో తక్కువ. కొంచెము వేడినీరు పోసిన మఱల తేటపడును. ఈ మసక వలన ఆరోగ్యమునకు హాని లేదు. తేటగా కావలసినవారు తేనీటిని చిక్కగా చేయక, మెల్లగా చల్లాఱనీయవలెను. పూర్తిగా చల్లాఱిన పిదప రెండు పెద్ద నిమ్మకాయల రసము పిండవలెను. నిమ్మరసము పడగానే ఎఱ్ఱని రంగు తేనెరంగుగా మాఱుట పిల్లలకు వినోదము. తేయాకులోని రంగు పదార్థములు పులుపు తగిలిన లేతబడును.

ఎండలో గాజుసీసా నుంచి తేయాకు దించు పద్ధతి అమెరికాలో కలదు. మన యెండకు అది మఱింత సులభమని ఎవరికైన తోచవచ్చును. గోరువెచ్చని నీరు క్రిములకు పుట్టినిల్లు. ఆ పద్ధతి వలదు.

గణితమునం దభిరుచి గల విద్యార్థులకు ఒక లెక్క. వేడి తేనీటిలో నేరుగా మంచుముక్కలు వేసిన నేమగును? 80 డిగ్రీల వేడి గల 200 గ్రాముల తేనీటిని 10 డిగ్రీలకు దింపవలెనన్నచో 70 చొప్పున 14,000 కేలరీల వేడిని తీసివేయవలెను. ఒక గ్రాము మంచు కరగుటకు 80 కేలరీలును, కరగిన నీరు 10 డిగ్రీలకు చేరుటకు 10 కేలరీలును, వెరసి 90 కేలరీలు పుచ్చుకొనును. భాగించి చూడగా 155 గ్రాముల మంచు కావలెను. అనగా ఒక గ్లాసు తేనీటిలో ముప్పాతిక గ్లాసు నీరు కలిసినట్లే! అదే తేనీటిని ముందుగా 30 డిగ్రీలకు చల్లార్చియున్నచో 45 గ్రాముల మంచు చాలును. చప్పని తేనీటికి చాయపత్తిని నిందించుట న్యాయము కాదు. తొందరలో నున్నవారు తేనీటినే చిన్న గడ్డలుగా పేరించి వాడుకొన్నచో ఆ చిక్కే లేదు.

ఫ్రిజి గలవారు చేయు విధము సులభము. వెడల్పైన స్టీలు పళ్లెములో గాని, లోతు తక్కువ గల గిన్నెలో గాని తేనీటిని రెండు వ్రేళ్ల మందమునకు మించకుండ పోసి, మంచు కట్టు అఱలో నుంచవలెను. సుమారు ఒక గంటకు అంచుల వెంట పేరుకొనసాగును. అప్పుడు ముల్లుచెంచాతో అంచులు గీకి నడుమకు త్రోసి కలుపవలెను. అది మొదలు అరగంట కొకసారి గీకుచుండవలెను. మూడు నాలుగు గంటలలో అంతయు రవ్వవలె తయారగును. గీకుట మానినచో మంచు తీరికగా పెద్ద పెద్ద పలుకులుగా పెరిగి ఒకే పలకగా బిగియును. పంచదార చేయు రెండవ పని ఇచటనే. వట్టినీరు సున్న డిగ్రీల వద్ద పూర్తిగా గడ్డకట్టును. పంచదార కలిసిన నీరు కొంత గడ్డకట్టగానే మిగిలిన నీటిలో పంచదార చిక్కబడును; చిక్కబడిన కొలది అది గడ్డకట్టుటకు ఇంకను చలువ కావలెను. అందుచే మంచు రేణువుల నడుమ కొంత పానకము ఎప్పుడును మిగిలి, చెంచా దిగుటకు వీలగును. పంచదార మఱీ తగ్గించినవారికి ఇటుక మిగులును. రెట్టింపు వేసినవారికి గడ్డకట్టుట ఆలస్యమై మఱీ మెత్తగా మిగులును.

ఫ్రిజి లేనివారును, కరెంటు నిలకడ లేని పల్లెలవారును నిరాశపడ నక్కఱలేదు. ఉప్పు, మంచు కలిపిన పనికివచ్చును. మటకా కుల్ఫీ అమ్మువారు తరతరములుగా చేయుచున్న దిదియే. 1843లో అమెరికాలో నాన్సీ జాన్సను అను నామె పేటెంటు పొందిన చేతిమర పరికరమునకును ఇదియే మూలము. పెద్ద బకెట్టు నొకదానిని తీసికొని వెలుపల తడి లేని గోనెపట్టా రెండు మూడు చుట్లు చుట్టవలెను. మూడు కిలోల బజారుమంచును సంచిలో వేసి, రోకలితో పెసరగింజ మొదలు చింతగింజ వఱకు గల ముక్కలుగా దంచవలెను. కిలో దొడ్డుప్పు తీసికొని బకెట్టులో ఒక వరుస మంచు, ఒక వరుస ఉప్పుగా వేయుచు నడుమ మూత గట్టిగా బిగియు స్టీలు క్యాను నుంచవలెను. క్యానులో తేనీరు సగమునకు కొంచె మెక్కువగా మాత్రమే ఉండవలెను. క్యాను మూత మంచుకు నాలుగు వ్రేళ్ల పైకి నుండుట ముఖ్యము. లేనిచో ఉప్పునీరు లోనికి చొచ్చి పడిన శ్రమ యంతయు బూడిదపాలగును. పిమ్మట క్యానును పిడి పట్టి ఇటు సగము, అటు సగము త్రిప్పుచు, అయిదు నిమిషముల కొకసారి మూత తుడిచి తెఱచి, కొయ్య గరిటెతో గోడలను గీకవలెను. ముప్పాతిక గంటలో పని ముగియును. మట్టిపాత్ర కంటె లోహపు క్యాను మేలు. వేడిని త్వరగా వెలుపలికి పంపును.

ఉప్పు వేసిన మంచు త్వరగా కరగును గదా, కరగుచున్నది మఱింత చల్లనగుట యెట్లని పిల్లలు తఱచు అడుగుదురు. మంచి ప్రశ్న. మంచు కరగుటకు గ్రాము కొకటికి 80 కేలరీల వేడి కావలెనని పైన చెప్పితిమి. ఉప్పు తగిలిన మంచు సున్న డిగ్రీల వద్ద కూడ నిలువలేక కరగసాగును. దానికి కావలసిన వేడిని ఎచ్చటి నుండి తెచ్చుకొనును? తననుండియు, తనను తాకియున్న క్యాను నుండియు లాగుకొనును. అప్పు తీర్చుటకు ఇంటి సొమ్మే అమ్ముకొనిన చందమున అంతయు మఱింత చల్లబడును. నాలుగు వంతులలో ఒక వంతు ఉప్పుండగా ఈ మిశ్రమము సిద్ధాంతరీత్యా సున్నకు 21 డిగ్రీల క్రిందికి దిగగలదు. ఇంటి బకెట్టులో 12 మొదలు 15 డిగ్రీల క్రిందివఱకు దిగిన చాలును. పాఠశాల ప్రయోగశాలలోని ఉష్ణమాపకముతో పై తరగతివారు దీనిని చూడవచ్చును. అయితే ఆ మిశ్రమమున చేయి పెట్టరాదు. చర్మము కాలినట్లు పొక్కును. చిన్న పిల్లలను బకెట్టునకు దూరముగా నుంచవలెను. పని ముగిసిన పిదప ఉప్పునీటిని పెరటి చెట్ల మొదట పాఱబోయకుడు, చెట్లు చచ్చును.

రుచిభేదములు ఎవరి యిష్టము వారిది. అల్లపు చాయ కలవాటుపడినవారు నీరు కాగునప్పుడే దంచిన అల్లము బొటనవ్రేలంత వేయవచ్చును. పుదీన ఆకులు నలిపి వేడి తేనీటిలో వేసి, వడగట్టునప్పుడు తీసివేసిన చక్కని వాసన వచ్చును. నానిన సబ్జాగింజలను గడ్డకట్టిన పిదపనే పైన వేయవలెను. పాలు కలిపిన తేనీటిని కూడ గడ్డకట్టింపవచ్చును. అప్పుడు నిమ్మరసము తగులరాదు, పాలు విఱుగును. పాలను సగమగునట్లు మరగించి కలిపిన కుల్ఫీవలె మెత్తగా వచ్చును గాని, దాహము తీర్చు గుణము తగ్గును. వేసవి మధ్యాహ్నమునకు నిమ్మరసపు రకమే మేలని మా యెన్నిక.

ఇది ఎవరికి ఎంత? తేయాకులో కెఫీనున్నది గనుక చిన్న తరగతుల పిల్లలకు పలుచగా, చిన్న గ్లాసు మాత్రమే ఇయ్యవలెను; సూర్యాస్తమయము తరువాత ఇచ్చిన నిద్ర చెడును. తేయాకు వగరు అన్నములోని, ఆకుకూరలలోని యినుమును దేహమునకు పట్టనీయదు. మన యాడుపిల్లలలోను, తల్లులలోను రక్తహీనత ఎంత తఱచో ఉపాధ్యాయు లెఱుగుదురు. కావున భోజనముతో గాని, భోజనమైన వెంటనే గాని తేనీరు త్రాగక ఒక గంట వ్యవధి యుంచవలెను. నిమ్మరసము ఈ దోషమును కొంతవఱకు తగ్గించును. చక్కెరవ్యాధి గలవారికి పైన చెప్పిన పంచదార తగదని వేఱుగా చెప్ప నక్కఱలేదు.

మఱియొక హెచ్చరిక. ఇది చల్లని పానీయమే గాని వడదెబ్బకు మందు కాదు. ఎండలో పనిచేసి వచ్చి నీరసించినవారికి, వాంతులు విరేచనములు అగుచున్నవారికి కావలసినది ఉప్పు, పంచదార కలిపిన నీరు: కాచి చల్లార్చిన లీటరు నీటిలో చిన్న చెంచాతో అంచు మట్టముగా ఆఱు చెంచాల పంచదారయు, అరచెంచా ఉప్పును. ఒడలు కాలిపోవుచు, మాట తడబడుచు, తెలివి తప్పుచున్నచో నోట ఏమియు పోయక, నీడకు చేర్చి, ఒంటిపై తడిగుడ్డలు వేసి విసరుచు తక్షణమే వైద్యశాలకు కొనిపోవలెను. ఆ స్థితిలో ఒక గడియ ఆలస్యమైనను ప్రాణాపాయము.

గడ్డకట్టిన తేనీరు చేసిననాడే రుచి. మిగిలినదానిని మూతగల పాత్రలో మంచు అఱలోనే ఉంచి, మఱునాడు పది నిమిషములు వెలుపల పెట్టి ముల్లుచెంచాతో గీకిన మఱల రవ్వగా విడివడును. కరెంటు పోయి పూర్తిగా కరగిన దానిని తిరిగి గడ్డకట్టింపక పాఱబోయవలెను. గ్లాసులను గూడ అరగంట ముందు ఫ్రిజిలో గాని, రంజను నీటిలో గాని ముంచియుంచిన, మే నెల మధ్యాహ్నమున సైతము కడపటి చెంచా వఱకు మంచు మిగిలియుండును.